హాబీ: షూటింగ్

ఉద్యోగం దొరకని కుర్రాడు తన రెజ్యూమెని చూసుకున్నంత శ్రద్ధగా అద్దంలో మొహం కూడా చూసుకోడు. ఇరవై నాలుగేళ్ల వయసులో, బ్రిస్బేన్‌లో యూనివర్సిటీ చదువు ముగించి, సన్నీబ్యాంక్ అనే పేటలో ఓ చిన్న యూనిట్‌లో అద్దెకుంటున్న ఆ రోజుల్లో నా పని అదే. పొద్దున్నే లేచి రెజ్యూమె తెరవడం, అందులో నాకు లేని గుణాలన్నీ ఉన్నట్టు చదువుకుని సంతోషించడం, మధ్యాహ్నం పప్పన్నం తినడం. నాతో పాటు ఉండే వరంగల్ రూమ్మేటు ఓ రోజు దాన్ని చివరిదాకా చదివి, "హాబీస్ కాడ ఖాళీ ఎందుకు పెట్టినవ్ రా భై? ఈడోళ్లకు హాబీ లేనోడు మనిషే కాదు" అన్నాడు. సినిమాలు చూడ్డం అని రాస్తే ఒప్పుకోలేదు. "సినిమాలు మా నాయినమ్మ గూడ చూస్తది. జర వజనున్నది రాయ్" అన్నాడు. ఆలోచించి, ఇంజినీరింగ్ కాలేజీలో మా బ్యాచ్ వాళ్లు షార్ట్ ఫిలిములు తీసిన సంగతి గుర్తొచ్చి, 'షూటింగ్' అని ఒక్క మాట రాశాను. మన దగ్గర ఫలానా చోట షూటింగ్ జరుగుతోందంటే జనం అటువైపు పరిగెడతారు. మిగతా ప్రపంచంలో షూటింగ్ జరుగుతోందంటే జనం ఇటువైపు పరిగెత్తుకొస్తారు. ఈ చిన్న తేడా నాకు అప్పట్లో తట్టలేదు.

గోడౌన్లకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. ఎదురుగా కూర్చున్న మేనేజరుకి అరవై దగ్గర పడుతుంటాయి. మూతి మీద నెరిసిన మీసం, దాని కింద ఎక్కడో నోరు. (ఆ సాయంత్రమే మేం ఆయనకి మీసాలాయన అని పేరు పెట్టుకున్నాం.) చదువు గురించి అడిగినంతసేపూ ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. చివరి లైను దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాగితం పక్కన పెట్టి ముందుకు వంగాడు. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. నా ఇంగ్లీషుని ఇక్కడ కొంచెం బాగుచేసి రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

"షూటింగా! ఇంటి దగ్గర బాగా చేసేవాడివా?"

"వీకెండ్ వస్తే అదే పని సార్."

"ఇండోరా, అవుట్‌డోరా?"

"అవుట్‌డోరే సార్. ఇండోర్ అయితే లైటింగ్ చాలదు."

"నిజమే. ఎక్కడ చేసేవాళ్లు?"

"మా కాలేజీలోనే సార్, ఫ్రెండ్సంతా కలిసి. క్లాసులయ్యాక ప్రిన్సిపాల్ గారు పర్మిషన్ ఇచ్చేవారు."

"కాలేజీలోనా!" ఆయన మీసం రెండు వైపులా లేచింది. "హ్యాండ్‌హెల్డా?"

"హ్యాండ్‌హెల్డే సార్. స్టాండు కొనే స్తోమత ఎక్కడిది!"

"రోజుకెన్ని షాట్లు?"

"ముప్పై, నలభై. సరిగ్గా రాకపోతే మళ్లీ మొదట్నుంచీ చేసేవాళ్లం."

"కదలని వాటి మీదా, మూవింగా?"

"మూవింగే సార్," అన్నాను, వీలైనంత నిర్లక్ష్యంగా. "స్టిల్ అంటే బోరు."

ఆయన లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది, ఆర్నెల్లు ప్రొబేషను. వీసా కూడా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది. అది పోతే నేను మూటాముల్లే సర్దుకోవాల్సిందే. ఇక్కడ ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ షార్ట్ ఫిలిముల్లో నేను కెమెరా ముట్టుకున్న పాపాన పోలేదు. హీరో మొహం మీద వెలుతురు పడేలా థర్మాకోల్ షీటు పట్టుకుని ఎండలో నిలబడేవాణ్ణి, డైరెక్టరు "రెడీనా?" అంటే కెమెరావాడి బదులు "రోలింగ్!" అని అరిచేవాణ్ణి. కెమెరావాడికి నత్తి, పాపం. అంటే నేను ఆడింది ఒక అబద్ధం, ఆయనకి అర్థమైంది మరో అబద్ధం. ఒకదాన్ని విడదీయబోతే రెండోది బయటపడుతుంది.

చేరిన రెండో వారం మీసాలాయన నా టేబులు దగ్గరికి వచ్చి, "ఆదివారం రేంజ్‌కి వస్తావా? ఆరింటికి వచ్చి ఎక్కించుకుంటాను" అన్నాడు. రేంజ్ అంటే కొండల వరస అని తొమ్మిదో తరగతి సోషల్లో చదువుకున్నాను గనక, లొకేషన్ చూడ్డానికి తీసుకెళుతున్నాడని తేల్చుకున్నాను. నల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తయారయ్యాను. ఆయన యూట్ (వెనక సామాన్ల తొట్టి ఉండే కారు) ఊరు దాటి గంటసేపు పోయి, గమ్ చెట్ల (మన నీలగిరి చెట్లే) మధ్య ఓ గేటు ముందు ఆగింది. లోపల్నుంచి ఢాం ఢాం అని మోత. ఓహో, యాక్షన్ సినిమా కాబోలు! లోపలికి వెళ్లి చూస్తే నిజంగానే షూటింగు. మూడు వైపులా మట్టికట్టలు, చెక్క గోడలతో వేసిన సెట్టు, ప్రతివాడి చెవులకీ పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు. సౌండ్ డిపార్ట్‌మెంటు ఇంతమందా అని ఆశ్చర్యపోయాను. మనుషుల ఆకారంలో కత్తిరించిన అట్టలు అక్కడక్కడా నిలబెట్టి ఉన్నాయి. జూనియర్ ఆర్టిస్టులకి ఇవ్వడానికి డబ్బుల్లేవు పాపం అనుకున్నాను. తెల్లజుట్టు ముడేసుకున్న ఒకావిడ చేతిలో చిన్న డబ్బా పట్టుకుని "ఆర్ యూ రెడీ? స్టాండ్ బై!" అనగానే డబ్బా కుయ్యిమంది. ఒకతను పరిగెడుతూ అట్టల్ని టపటపా కాల్చేశాడు. ఆవిడ ఒక్కో అట్ట దగ్గరికీ వెళ్లి, వెనకాల రాసుకునే మనిషికి వినబడేలా "ఆల్ఫా, చార్లీ... టూ మైక్స్!" అని అరుస్తోంది. ఒక్క సీనుకి రెండు మైకులా, పెద్ద బడ్జెట్టే! అసిస్టెంట్ డైరెక్టరు అంటే ఈవిడలా ఉండాలి.

"కెమెరా ఎక్కడ సార్?" అన్నాను మెల్లిగా.

"కెమెరానా? ఫోనుతో తీసుకో, ఎవరూ ఏమీ అనరు," అన్నాడు మీసాలాయన.

అప్పుడెందుకో అనుమానం వచ్చి, కాల్పులు ఆగాక అందరితో పాటు ఓ అట్ట దగ్గరికి వెళ్లి, దాని గుండెల్లో ఉన్న కన్నంలో వేలు పెట్టి చూశాను. వేలు అవతలికి వచ్చింది. నా ప్రాణం కూడా దాంతో పాటే అవతలికి పోయింది. ఈలోగా మీసాలాయన నన్ను అందరికీ పరిచయం చేసేస్తున్నాడు. "ఇండియా నుంచి వచ్చాడు. కదలని టార్గెట్టు ముట్టుకోడు, బోరట!" వాళ్లంతా భుజాలు తడుతున్నారు. 'అయ్యా, నేను థర్మాకోల్ మనిషిని' అని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి "థాంక్యూ సార్" అని వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే రూమ్మేటు మంచం మీద పడి దొర్లాడు. "తుపాకి పట్టినవా? నువ్వా? దీపావళికి కాకరపువ్వొత్తి గూడ పక్కోనితోని వెలిగిపిచ్చుకుంటవ్ గదరా!" తర్వాత కొంచెం తేరుకుని, "ఇప్పుడే చెప్పెయ్ భై, లేటైతే ఇంక గలీజైతది" అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. కానీ అబద్ధం చెప్పి ఉద్యోగం కొట్టినవాణ్ణి ప్రొబేషన్లో ఎవడుంచుకుంటాడు? ఆర్నెల్లు ఓపిక పడితే పర్మనెంటు అయిపోతుంది, ఆ తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను. అలా నేను ఆస్ట్రేలియాలో ప్రతి ఆదివారం నిద్ర మానుకుని తుపాకీ కాల్చేవాణ్ణయ్యాను.

మొదటి రెండు ఆదివారాలూ కాగితాల మీద సంతకాలు, జాగ్రత్తలు, పక్కన ఒకరు నిలబడి ఉండగా క్లబ్బు పిస్టలుతో నాలుగు తూటాలు. మూడో ఆదివారం నన్ను స్వింగర్ ముందు నిలబెట్టారు. స్వింగర్ అంటే గడియారం లోలకం లాంటిదే. ఇనప కడ్డీకి కింద బరువు, పైన అట్టమనిషి. పక్కకి లాగి కొక్కెం వేసి ఉంచుతారు. ముందున్న ఇనప పలకని మనం కాలిస్తే అది దబ్బున పడుతుంది, పడుతూ తీగని లాగుతుంది, కొక్కెం ఊడి అట్టమనిషి చెక్క గోడ చాటునించి అటూ ఇటూ ఊగడం మొదలెడతాడు. ఊగే దారికి అడ్డంగా ఒక తెల్ల అట్ట. అతను అమాయకుడన్నమాట, అతనికి తగిలితే మార్కులు తీసేస్తారు. నేను పలకని పడగొట్టడానికే ఆరు తూటాలు ఖర్చుపెట్టాను. అట్టమనిషి ఊగాడు. వాడు కుడికి పోతే నా తల కుడికి, ఎడమకి పోతే ఎడమకి. నేను కాల్చినప్పుడల్లా వాడు అంతకుముందే అక్కణ్ణించి వెళ్లిపోయి ఉంటాడు. దుమ్ము మాత్రం బాగా లేచింది.

"వాడి వెంట పడకు," అన్నాడు మీసాలాయన. "ఊయల చూశావు కదా. ఆ చివరికి వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. తుపాకీ అక్కడ పెట్టుకుని కూర్చో. వాడే వస్తాడు. వచ్చాక కాల్చు. తల ఊపకు."

అర్థమైందన్నట్టు తల ఊపాను. మన పద్ధతిలో, అడ్డంగా. ఆయన అర్థం కాలేదనుకుని మొత్తం మళ్లీ చెప్పాడు. నేను మళ్లీ ఊపాను. ఆయన మూడోసారి చెప్పాడు. చివరికి ఇద్దరికీ ఏమీ అర్థం కాని స్థితికి చేరుకున్నాం. ఆ తెల్లజుట్టావిడ (ఆవిణ్ణి ఆంటీ అంటే మొదట్లో ఉలిక్కిపడేది, తర్వాత అలవాటు పడింది) చేతిలో టేపు చుట్టతో అట్ట దగ్గరికి వెళ్లింది. కన్నాల మీద టేపు అంటించి అట్టని మళ్లీ వాడుకుంటారు. నా అట్టకి టేపు అక్కర్లేకపోయింది. "చూడు నాయనా, ఎంత శుభ్రంగా ఉంచావో" అని ఆవిడ నిజంగా మెచ్చుకోలుగానే అని, వెనక్కి తిరిగి "టూ మైక్స్!" అని అరిచింది. మైక్ అంటే గురి తప్పిన తూటా అని అప్పుడు తెలిసింది. నా పేరు నోరు తిరగని క్లబ్బువాళ్లు ఆ రోజునుంచీ నన్ను మైక్ అనడం మొదలుపెట్టారు. ఆఫీసులో కూడా కొందరు అలాగే పిలిచేవారు, ఎందుకో తెలియకుండానే.

మీసాలాయన మాత్రం నా మీద నమ్మకం వదులుకోలేదు. నేను గురి తప్పినప్పుడల్లా, "ఇంటి దగ్గర ఎక్విప్‌మెంట్ వేరే కదా" అని ఆయనే సాకు వెతికిపెట్టేవాడు. "అవును సార్, అది కొంచెం బరువు" అనేవాణ్ణి. థర్మాకోల్ బరువు మీకు తెలుసుగా. సేఫ్టీ కోర్సులో కూర్చోబెట్టాడు, పరీక్ష రాయించాడు, చెవులకి పెట్టుకునేవి కొనిచ్చాడు. దారిలో బేకరీ దగ్గర ఆగి తనకి మీట్‌పై అనే మాంసం కజ్జికాయ, నాకు ఫింగర్ బన్ను కొనేవాడు. ఆయన మంచితనం పెరిగే కొద్దీ నా బాకీ పెరుగుతున్నట్టుండేది. ఐదో నెల దాటాక హెచ్చార్ వాళ్ల దగ్గర్నుంచి ఓ ఈమెయిల్ వచ్చింది. 'మీ ఉద్యోగం గురించి' అని పైన ఉంది. తెరవలేదు. తెరిస్తే నిజమవుతుంది, తెరవకపోతే కాదు అని నా సిద్ధాంతం. దానికో నక్షత్రం గుర్తు పెట్టి, కిందికి పోయేదాకా వేరే మెయిళ్ల కోసం ఎదురుచూశాను.

ఆర్నెల్లు నిండటానికి వారం ఉందనగా మీసాలాయన, "ఈ ఆదివారం క్లబ్బు పోటీ. నీ పేరు ఇచ్చాను. సోమవారం కూర్చుని నీ సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు. ఆదివారం పోటీ, సోమవారం నా సంగతి. రెండూ కలిపి చదువుకుంటే ఏమర్థమవుతుందో అదే అర్థమైంది. ఆ వారమంతా అన్నం సహించలేదు. గదిలో రూమ్మేటు తువ్వాలు హ్యాంగరుకి తగిలించి అటూ ఇటూ ఊపేవాడు, నేను వేలితో గురి చూసేవాణ్ణి. "ఆగిన కాడ కొట్టురా, ఆగిన కాడ!" అని వాడూ కోచ్ అయిపోయాడు. తువ్వాలుని కూడా నేను సరిగ్గా కొట్టలేదని వాడి ఫిర్యాదు.

ఆదివారం వచ్చింది. లైసెన్సు ఇంకా రాని నాబోటి వాళ్లకి పిస్టలు నడుముకి కట్టనివ్వరు. బల్ల మీద పెడతారు, పక్కన ఒకరు కాపలా. నా కాపలా మీసాలాయనే. వెనకాల క్లబ్బంతా నిలబడి చూస్తోంది. ఎదురుగా రెండు మామూలు అట్టలు, ఇనప పలక, దాని వెనక స్వింగరు, మధ్యలో అమాయకుడు. ఆంటీ నా వెనక్కి వచ్చి, "ఆర్ యూ రెడీ?" అంది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు, నోరు మూసుకుని నిలబడితే చాలు. కోర్సులో అది పది సార్లు చెప్పారు. కానీ ఎండ, చుట్టూ జనం, 'రెడీనా' అన్న మాట. నాలోని థర్మాకోల్ మనిషి నిద్రలేచాడు.

"రోలింగ్!" అని గొంతు చించుకుని అరిచాను.

ఆంటీ డబ్బా కిందికి దించి మీసాలాయన వైపు చూసింది. ఆయన నా వైపు చూశాడు. నేను అట్టమనిషి వైపు చూశాను. "అంటే రెడీ అనా, కాదనా?" అందావిడ. మీసాలాయన కాస్త ఆలోచించి, "రెడీ అనే అనుకుంటా" అన్నాడు. డబ్బా కుయ్యిమంది.

మామూలు అట్టలకి ఏవో రెండు తగిలాయి. పలక నాలుగో తూటాకి పడింది. స్వింగరు ఊగడం మొదలైంది. తొందరలో రెండు కాల్చాను, రెండూ అమాయకుడికే తగిలాయి, పాపం వాడు ఎప్పుడూ నా పాల పడేవాడే. ఇంక నాలుగే మిగిలాయి. ఆ చివర ఆగుతుంది, అక్కడ కాచుకో అన్నారు. కాచుకున్నాను. వచ్చాడు, ఆగాడు, నా వేలు నొక్కేలోపల వెళ్లిపోయాడు. సరే ఈసారి. వచ్చాడు, వెళ్లిపోయాడు. భయమేసింది. ఇంకా కాస్త మెల్లిగా ఊగితే బాగుండు అనుకున్నాను. నిజంగానే మెల్లగా ఊగుతున్నాడు, ఊగి ఊగి వాడికీ ఓపిక తగ్గుతుంది కదా! అంతే, తుపాకీ ఎత్తి పట్టుకుని నిలబడిపోయాను. టైము పోతోంది. ఆ పోటీలో టైమే ప్రాణం, మిగతావాళ్లు మొత్తం పది పన్నెండు సెకన్లలో ముగించారు. నేను నిమిషం దాటించాను. వెనకాల ఎవరో దగ్గారు. అట్టమనిషి ఊపు జానెడయింది, బెత్తెడయింది, చివరికి కిర్రుమని ఆగిపోయాడు. తెల్ల అట్ట పక్కన సగం భుజం బయటికి పెట్టి నిలబడ్డాడు. స్టిల్‌గా. అప్పుడు, జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి కాల్చాను.

ఆంటీ వెళ్లి చూసింది. వంగి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది. "వన్ చార్లీ!" అని అరిచింది. అంటే అట్ట అంచునైనా సరే, తగిలినట్టే. క్లబ్బు క్లబ్బంతా ఈలలు వేసింది. ఆవిడ టేపు ముక్క చింపి నా కన్నం మీద అంటించి, దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరింది. నేను అందరికన్నా ఆఖరున వచ్చాను. నా ముందువాడికీ నాకూ మధ్య ఎంత దూరమంటే అందులో ఇంకో పోటీ పెట్టుకోవచ్చు.

తిరుగు దారిలో బేకరీ దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. బన్ను కాగితంలోంచి తియ్యలేదు. సోమవారం ఎలాగూ పోయేదే, కనీసం నిజం చెప్పి పోదామని, "సార్, నేను షూటర్ని కాను" అన్నాను.

"తెలుసు," అన్నాడు ఆయన, మీట్‌పై కొరుకుతూ.

"ఎప్పట్నించి?"

"మొదటి రోజు నువ్వు అట్టలో వేలు పెట్టి చూసుకున్నప్పుడు అనుమానం వచ్చింది. మూడో ఆదివారానికి నమ్మకం కుదిరింది."

"మరి ప్రతి వారం ఎందుకు తీసుకెళ్లారు?"

"నేను వచ్చేసరికి గేటు దగ్గర తయారై నిలబడేవాడివి కదా మేట్! కొత్త దేశం, కొత్త కుర్రాడు, సరదా పడుతున్నాడు, పోనీలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా మోకాళ్లు పోయి రెండేళ్లయింది. మానేద్దామనుకుంటూనే ఉన్నాను."

ఆయన కోసం నేను, నా కోసం ఆయన, ఆర్నెల్లపాటు ఆదివారాల నిద్ర తగలేసుకున్నామన్నమాట. ఇంక ఆగలేక షూటింగ్ అంటే మా దగ్గర సినిమా అని, ఆ సినిమాలో కూడా నేను పట్టుకున్నది థర్మాకోల్ అని, రోలింగ్ సంగతి, కెమెరావాడి నత్తి సంగతి, అంతా చెప్పేశాను. ఆయన "కాలేజీలో... ప్రిన్సిపాల్ పర్మిషన్..." అని గొణిగి, మీసమంతా వణుకుతుంటే, మీట్‌పై పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. బేకరీ అమ్మాయి బయటికి వచ్చి చూసి వెళ్లింది.

"అయితే రేపు నా ఉద్యోగం..." అన్నాను.

"రేపు నిన్ను కొత్త ప్రాజెక్టులో వేద్దామని. నీ ప్రొబేషన్ ముందే ఎత్తేయించాను కదా, మూడు వారాలయింది. నీ పని బాగుందని రాశాను. హెచ్చార్ వాళ్లు మెయిల్ పంపలేదూ?"

నేను ఆ బన్ను వైపే చూస్తూ కూర్చున్నాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆకలి కూడా వేసింది. దించుకునే దగ్గర ఆయన, "మరి వచ్చే ఆదివారం ఏం చేస్తావు?" అన్నాడు. ఆర్నెల్లలో మొదటిసారి ఆయనకి నిజమైన జవాబు చెప్పాను, "పడుకుంటాను సార్" అని. "న్యాయమే" అన్నాడాయన.

మళ్లీ ఆదివారం వచ్చింది. అయిదున్నరకే మెలకువ వచ్చేసింది. కాసేపు పైకప్పు చూశాను. లేచి మొహం కడుక్కుంటుంటే రూమ్మేటు దుప్పట్లోంచి, "ఇంక పోవుడు లేదన్నవ్ గదరా?" అన్నాడు. పాల కోసం అని చెప్పి కిందికి దిగాను. (పాలు ఫ్రిజ్‌లో రెండు లీటర్లున్నాయి.) గేటు అవతల యూట్ ఆగి ఉంది. మీసాలాయన అద్దం దించి, "ఇటుగా పోతూ ఆగాను" అన్నాడు. ఆయన ఇల్లు ఊరికి ఉత్తరాన ఆ చివర, మాది దక్షిణాన ఈ చివర. ఇటుగా పోయే పనేమిటో నేను అడగలేదు, పాల సంగతి ఆయనా అడగలేదు. ఎక్కి కూర్చున్నాను.

ఆ తర్వాత కొన్నేళ్లకి మీసాలాయన రిటైరై ఉత్తరాన ఎక్కడో సముద్రం పక్కన స్థిరపడ్డాడు. నాకు సొంత పిస్టలు వచ్చింది, సొంత ఇల్లు వచ్చింది, స్వింగరుని ఇప్పుడు నాలుగింట మూడుసార్లు కొడతాను. ఆ పాతికేళ్లు నిండని పిల్లవాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఉద్యోగం చేతిలో పెట్టుకుని, పోతుందేమోనని మూడు వారాలు బెంగ పెట్టుకున్నాడు, పిచ్చి సన్నాసి. ఆ మూడు వారాలూ ఎవరైనా తిరిగిచ్చేస్తే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. ఇచ్చినా ఏం చేసుకుంటాడు వాడు? ఆదివారం ఆరింటికి పోయి ఆ గేటు దగ్గరే నిలబడతాడు.